చత్వారం నామోషీ కాదు

నాకు నలభై నాలుగేళ్ళు. రెండేళ్ళుగా సూదిలో దారం ఎక్కించడానికి అమ్మాయిని పిలుస్తున్నాను. దినపత్రికను చెయ్యి చాచి పట్టుకుని చదువుతున్నాను. అయినా నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయని ధీమా. మా వీధిలో కంటి శిబిరం పెట్టినప్పుడు ఆరు మీటర్ల దూరాన వేలాడే చార్టును చివరి వరస దాకా గడగడా చదివేశాను మరి! ఆ ధీమాయే మా అత్తగారి ప్రాణం మీదికి తెచ్చింది.

ఆవిడకు చాలా ఏళ్ళుగా చక్కెరవ్యాధి. చూపు తగ్గడంతో ఇన్సులిన్ ఇవ్వడం నా పనయింది. రాత్రి మోతాదు 16 యూనిట్లు. ఒకనాటి రాత్రి వంటింటి గుమ్మం దగ్గర, మసక వెలుతురులోనే మందు సిరంజిలోకి తీసి ఇచ్చేశాను. పదకొండు గంటలకు "అమ్మాయ్, గుండె దడగా ఉందే" అని పిలిచారు. వెళ్ళి చూస్తే ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. మీటరులో 52 చూపించింది. స్పృహలో ఉన్నారు కనుక మూడు చెంచాల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించాం. పావుగంటకు తేరుకున్నారు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

మర్నాడు డాక్టరుగారికి ఫోను చేస్తే, "మోతాదు సరిగ్గానే ఇచ్చారా?" అన్నారు. నాకు రోషం వచ్చింది. ఆ రాత్రి అదే గుమ్మం దగ్గర 16 యూనిట్లు తీసి, పదో తరగతి చదివే మా అమ్మాయికి చూపించాను. "అమ్మా, ఇది 21!" అంది. ఐదేసి యూనిట్లకొక పొడుగు గీత ఉంటుంది. 20 గీతను 15 అనుకుని, దాని మీద ఒకటి లెక్కపెట్టాను. నా కాళ్ళకింద నేల కదిలినట్లయింది.

కంటి డాక్టరుగారు పరీక్ష చేసి, "దూరపు చూపు బాగానే ఉంది. మీది చత్వారం" అన్నారు. దగ్గరి వస్తువును చూడాలంటే కంటిలోని కటకం కాస్త ఉబ్బాలి. చిన్నతనంలో అది మెత్తగా ఉంటుంది కాబట్టి ఉబ్బుతుంది. వయసుతోపాటు బిరుసెక్కి, నలభై దాటేసరికి ఆ పనికి మొరాయిస్తుంది. దూరపు చార్టు ఈ సంగతి పట్టివ్వదు.

"మరి పేపరు చదవగలుగుతున్నానే, గీతలెందుకు కనబడలేదు?" అని అడిగాను. ఆయన చెప్పింది నేను ముగ్గుతో పోల్చుకుని అర్థం చేసుకున్నాను. నల్లని గచ్చు మీద వేసిన ముగ్గును తడిచేత్తో అలికితే ఏమవుతుంది? తెలుపు నలుపులోకి, నలుపు తెలుపులోకి పాకి బూడిదరంగు అవుతుంది. లావు గీతలు ఇంకా ఆనవాలు పడతాయి. దగ్గర దగ్గరగా గీసిన సన్నగీతలు ముందే కలిసిపోతాయి. కంటిలో బొమ్మ సరిగ్గా కుదరనప్పుడు జరిగేదీ ఇదే. వస్తువు మాయమవదు, నలుపు తెలుపుల తేడా చచ్చిపోతుంది. పేపరులో అక్షరం అలుక్కుపోయినా మాటను బట్టి ఊహించుకుంటాం. సిరంజి గీతను ఊహించుకుంటే ప్రమాదం.

పైగా వెలుతురు తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది. అది పెద్దదైన కొద్దీ మసక పెరుగుతుంది. పొద్దున కిటికీ దగ్గర స్పష్టంగా కనిపించిన గీతలు రాత్రి గుమ్మంలో కలిసిపోయింది అందుకే.

నాకు అద్దాలతో సరిపోయింది. అందరికీ అలా సరిపోదు. శుక్లం మొదలైనప్పుడు నల్లని అక్షరాలు చదవగలిగినా, సిమెంటు మెట్టు అంచు, బూడిదరంగు అచ్చు ఆనకపోవచ్చు. దీన్ని పరీక్షించడానికి 1988లో పెల్లి, రాబ్సన్ అనే శాస్త్రజ్ఞులు వేరే చార్టు తయారుచేశారు. అందులో అక్షరాల సైజు ఒకటే, రంగు మాత్రం క్రమంగా వెలిసిపోతుంది. కనుక డాక్టరు దగ్గర "చార్టు చదివాను" అని ఊరుకోకండి. మెట్లు తెలియడం లేదనీ, రాత్రి ఎదురు బండి లైట్లకు కళ్ళు చెదురుతున్నాయనీ నోరు విడిచి చెప్పండి. చక్కెర బాగా ఎక్కువ తక్కువలవుతుంటే చూపు కూడా మారుతుంది. అది అదుపులోకి వచ్చాకే అద్దాలు రాయించుకోవాలి. ఏడాదికొకసారి రెటీనా పరీక్ష వారికి తప్పనిసరి.

ఇంట్లో ఇన్సులిన్ ఇచ్చేవారు మంచి దీపం కింద, సిరంజి వెనుక తెల్లకాగితం పెట్టి చూడండి. సీసా మీదా సిరంజి మీదా 40 అయితే రెంటి మీదా 40, 100 అయితే రెంటి మీదా 100 ఉండాలి. ఇంకొకరి చేత కూడా గీత చదివించండి.

జరిగింది అత్తగారికి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆవిడ కోప్పడలేదు. "నా చూపు పోయిందని నీ చేతికిచ్చాను. నీ చూపు సంగతి నువ్వు చూసుకోవద్దుటే?" అన్నారు. ఇప్పుడు రోజూ చెయ్యి చాపే ముందు ఒకే ప్రశ్న అడుగుతారు: "అమ్మాయ్, కళ్ళజోడేదీ?"