లోటు డబ్బులో లేదు

ఎడ్ వుడ్ తీసిన ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ సినిమా పేరెత్తగానే అందరూ దాని పేదరికాన్నే ఏకరువు పెడతారు. విమానం కాక్‌పిట్‌కు తలుపు బదులు తెర వేలాడుతుంది. ఒకే సన్నివేశంలో పగలూ రాత్రీ కలిసిపోతాయి. 1956లో నటుడు బేలా లుగోసీ కన్నుమూశాక ఆయన పాత్రలో మరొకరు కేప్‌తో మొహం కప్పుకుని నడుస్తారు. ఇవన్నీ క్షమించవచ్చు. క్షమించలేనిది కథలో ఉంది. సూర్యకాంతినే పేల్చే బాంబు మనుషుల చేతికి రాకుండా ఆపాలని వచ్చిన గ్రహాంతరవాసులు శవాలను లేపుతారు. తెరమీద లేచేవి మూడే. బాంబుకూ వాటికీ నమ్మదగ్గ ముడి ఎక్కడా పడదు.

చేతిలో డబ్బు లేనివాడు ఇంకేం చేస్తాడంటారా? అదే 1956లో డాన్ సీగెల్ ‘ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్’ను తక్కువ ఖర్చుతోనే విడుదల చేశాడు. అందులో ఎగిరే పళ్లాలు లేవు. ఒకామె తనను పెంచిన అంకుల్‌ను చూపించి, రూపూ గొంతూ ఆయనవే గాని మనిషి ఆయన కాదంటుంది. ఆ ఒక్క అనుమానానికే ఒళ్లు జలదరిస్తుంది. దానికి ఖర్చేముంది? వుడ్‌లో చిత్తశుద్ధి ఉందని అభిమానులనే మాట నిజమే. ఆయుధపోటీ రోజుల్లో బాంబు గురించి నిలదీయాలనుకోవడం చిన్న విషయం కాదు. నా బాధంతా అందుకే. అంత పెద్ద ప్రశ్నను చివర్లో ఒక్క ఉపన్యాసంలో కుక్కేసి వదిలేశాడు.