అమ్మ పేరుమీద ఒక కాగితం

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ పాత చీరల మధ్య ఒక కవరు దొరికింది. కడుపునొప్పికి టెక్కలిలో తీయించుకున్న స్కానింగ్ రిపోర్టు. ఎనిమిది నెలల కిందటిది. ‘కుడి కిడ్నీలో సింపుల్ సిస్ట్, 2 సెం.మీ.’ అమ్మకి అందులో అర్థమైన మాట ఒక్కటే, కిడ్నీ.

ఉద్దానంలో ఆ మాట విన్నాక మిగిలినవి ఎవరికి వినిపిస్తాయి? నాన్న 2009లో ఆ జబ్బుతోనే పోయాడు. డయాలసిస్‌కి విశాఖ తిరగడానికి ముందు కొబ్బరితోట, తర్వాత అమ్మ పుస్తెలతాడు అమ్ముకున్నాం. “నాకూ వచ్చీసిందంటే నువ్వు ఉజ్జోగం మానీసి వచ్చీస్తావని సెప్పనేదే” అంది అమ్మ. పలాసలో జీడిపిక్కలు ఒలిచి నన్ను పీహెచ్‌డీ దాకా చదివించిన మనిషి!

సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న నాకు ఆ ఒక్క వాక్యం చదవడానికి వేరే డాక్టరు కావలసివచ్చింది. పల్చటి గోడ, లోపల నీరు ఉన్న ఇలాంటి తిత్తులు యాభై దాటినవాళ్ళలో చాలామందికి ఉంటాయట. చాలావరకు ఏ హానీ చేయవు. పెరిగి నడుం పక్కన నొప్పి తెచ్చినా, చీముపట్టి జ్వరం వచ్చినా, మూత్రానికి అడ్డుపడినా వైద్యం కావాలి. గోడ మందంగా ఉన్నా, లోపల గడ్డలాంటిది కనిపించినా క్యాన్సరేమోనని చూడాలి. రెండు కిడ్నీల నిండా తిత్తులు వచ్చే వంశపారంపర్య జబ్బు వేరు. ఉద్దానం జబ్బు ఇంకా వేరు. దాని కారణం ఇప్పటికీ తేలలేదు గానీ అది ఈ తిత్తుల వల్ల వచ్చేది కాదు. స్కానింగ్ బాగున్నంతమాత్రాన అది లేదనీ కాదు. రక్తంలో క్రియాటినిన్ చూడాలి.

“ఆ పరీక్ష ఎప్పుడు చేయించారు?” అని అడిగారు డాక్టరు.

నాన్నకి నెలనెలా చేయించాం. అమ్మకి ఒక్కసారీ చేయించలేదు. ఆడవాళ్ళ ఆరోగ్యం మీద సదస్సుల్లో మాట్లాడే నాకూ తట్టలేదు.

2023 డిసెంబరులో పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. దూరం అన్న సాకు కూడా లేదిప్పుడు. అమ్మ క్రియాటినిన్ 1.4. కండ తక్కువ కాబట్టి, అదే అంకె మగవాడిలో కంటే ఆడమనిషిలో కిడ్నీ ఎక్కువ దెబ్బతిన్నదని చెబుతుందట. ఒంటినొప్పులకి మింగే మాత్రలు మానమన్నారు. మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నారు.

ఈసారి అమ్మతోపాటు జీడి పనికి వెళ్ళే మరో ముగ్గురు వచ్చారు. ముగ్గురి ఇళ్ళలోనూ మగవాళ్ళ పేరుమీద లావుపాటి ఫైళ్ళున్నాయి. తమ పేరుమీద ఒక్క కాగితమూ లేదు.