శేషగిరి గారి పేరు ఎక్కడ?

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల అమెరికా కబురు లేని ఇల్లు ఇప్పుడు తక్కువ. అక్కడి పిల్లలు వంశవృక్షం పంపమంటారు, ఇక్కడి పెద్దలు ఓపిగ్గా గీసి వాట్సాప్‌లో పంపుతారు. ముత్తాత, తాత, తండ్రి, కొడుకు. అంతే! ఆడపేరు ఒక్కటీ ఉండదు. తల్లి తద్దినంలో అయినా తల్లి, నాయనమ్మ, తాతమ్మ ముగ్గురి పేర్లూ చెప్పాలి. తద్దినానికి కావలసిన పేర్లు వంశవృక్షానికి అక్కర్లేకపోవడం చూస్తే ఒళ్లు మండుతుంది.

అమెరికాకు తొలినాళ్లలో వెళ్లిన తెలుగువారి సంసారాల సంగతి వెతికినా ఇదే గోడ అడ్డం వస్తుంది. వైద్య పరిశోధకుడు యల్లాప్రగడ సుబ్బారావు గారినే తీసుకుందాం. 1895లో భీమవరంలో పుట్టారు. 1919లో శేషగిరి గారితో పెళ్లి. 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు.

దారి ఖర్చు ఎక్కడిది? కొంత మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సమకూర్చారు, కొంత కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చింది. ఈ నాయకర్ గారి కథ వేరే రాయాలి. కోరంగి ప్రాంతం నుంచి రంగూన్ వెళ్లి, వ్యాపారంలో గడించి, ఆ ఆస్తిని చదువులకు, అన్నదానాలకు రాసిచ్చిన మనిషి. 1839 తుపానుకు కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయింది. అయినా ఆ తీరం వాళ్లు సముద్రం దాటడం మానలేదు. కూలికి, వ్యాపారానికి బర్మా వెళ్తూనే ఉన్నారు. రంగూన్‌లో సంపాదించిన డబ్బు గోదావరి జిల్లా కుర్రాడిని బోస్టన్ చేర్చిందన్న సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు. చెప్పాలి.

సుబ్బారావు గారు బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. ఇక్కడ శేషగిరి గారికి కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే ఏదో ఇన్‌ఫెక్షన్‌తో పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. తర్వాత ఆయన నడిపించిన లెడర్లీ ప్రయోగశాల నుంచే ఇన్‌ఫెక్షన్లకు మందుగా ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లోకానికి అందింది, అదీ 1948లో.

భార్యను తీసుకెళ్లి కాపురం పెట్టవచ్చు కదా అని నేటివాళ్లు తేలిగ్గా అడుగుతారు. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం లేదని తేల్చింది. 1924 నాటి అక్కడి వలస చట్టం పౌరసత్వానికి అనర్హులైన వాళ్లు స్థిరపడటానికి రాకుండా తలుపు వేసింది. అది కాస్త తెరుచుకున్నది 1946 జూలైలో, అదీ ఏడాదికి 100 మంది భారతీయులకు. 1948 ఆగస్టులో సుబ్బారావు గారు అమెరికాలోనే పెర్ల్ రివర్‌లో కన్నుమూశారు. పాతికేళ్లలో ఒక్కసారీ స్వదేశం రాలేదు. శేషగిరి గారు మళ్లీ ఆయన్ను చూడలేదు.

ఆయన మీద వచ్చే వ్యాసాల్లో తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి కనిపెట్టిన ఫాస్ఫరస్ పరీక్ష ఉంటుంది, కణాలకు శక్తినందించే ఏటీపీ ఉంటుంది, ఫోలిక్ యాసిడ్, బోదకాలుకు హెట్రజాన్ ఉంటాయి. ఉండాల్సిందే. శేషగిరి గారికి మాత్రం ఒక వాక్యం. అందులో బిడ్డ ప్రస్తావన వస్తే గొప్ప. ఆ పాతికేళ్లూ ఆమె ఎలా గడిపారు, పండగనాడు ఎవరింట్లో ఉన్నారు, ఉత్తరం ఆలస్యమైతే ఎవరితో చెప్పుకున్నారు? అమెరికా వలసజీవితంలో అదీ సగం. ఆ సగం భీమవరం, కాకినాడ వైపు ఇళ్లలో గడిచింది కాబట్టి చరిత్ర కాకుండా పోతుందా?

ఇలాంటి బతుకుల ఆనవాళ్లు ఎక్కడ వెతకాలి? అమెరికాలో జనాభా లెక్కల కాగితాలను 72 ఏళ్ల తర్వాత అందరికీ తెరుస్తారు. 1950 నాటివి 2022లో బయటికొచ్చాయి. ఒక మనిషి ఏ వీధిలో, ఎవరితో, ఏ పని చేస్తూ బతికాడో పేరుతో సహా అందులో దొరుకుతుంది. మన దేశంలో జనాభా లెక్కల్లో ఇచ్చిన వ్యక్తుల వివరాలు అలా బయటపెట్టరు. మనకు ఆధారం పాత ట్రంకుపెట్టెల్లోని ఉత్తరాలు, దస్తావేజులు, ఇంట్లో మిగిలిన పెద్దావిడ జ్ఞాపకం.

ఇల్లు కొత్తగా కట్టేటప్పుడు ఆ పెట్టెలు పాత సామాన్లవాడికి వేయకండి. కవరు మీది తపాలా ముద్ర ఊరూ తేదీ చెబుతుంది, దాన్నీ దాచండి. నాయనమ్మను కూర్చోబెట్టి ఆమె పేరు, పుట్టింటి పేరు, ఆమె తల్లి పేరు, పురిట్లో పోయిన బిడ్డల పేర్లు రాసుకోండి. ఆ పేర్లన్నీ ఎక్కించాకే వంశవృక్షం పిల్లలకు పంపండి.