పసుపు అంటిన చొక్కా

గత పసుపు సీజనులో ఆర్మూరులో ఒక వలీమా విందుకు వెళ్ళాము. నిర్వాహకులు మమ్మల్ని పెద్దల దస్తర్‌ఖాన్ వద్ద కూర్చోబెట్టారు. కాసేపటికి మా మద్రసా విద్యార్థి తండ్రి ఒకరు వచ్చారు. ఆయన పసుపు బస్తాలు మోసే హమాలీ. పని నుండి నేరుగా వచ్చినట్టున్నారు, చొక్కా, మెడ, చెవుల అంచులు కూడా పచ్చగా ఉన్నాయి. "ఏం భాయ్, పెళ్ళికొడుకువు నువ్వేనా?" అని ఒక వ్యాపారి పరిహాసమాడారు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. ఆయన కూడా నవ్వి, వెళ్ళి వెనుక వరుసలో కూర్చున్నారు.

ఆ మరుసటి వారమే మా చిన్నబ్బాయి ఫోనులో చార్లీ చాప్లిన్ మూకీ చిత్రం 'సిటీ లైట్స్' చూస్తూ మమ్మల్ని పిలిచాడు. అది 1931 నాటిది. మేము సినిమాలు చూసేవారం కాము. ఈ పుటల్లో ఆ ప్రస్తావన కొందరికి రుచించకపోవచ్చు కూడా. అయినా కూర్చున్నాము. నీళ్ళలో దూకి చావబోయిన కోటీశ్వరుణ్ణి ఒక బికారి కాపాడతాడు. తాగిన మత్తులో ఉన్నంతసేపూ ఆ ధనికుడు అతణ్ణి కౌగిలించుకుని ప్రాణమిత్రుడంటాడు. మత్తు దిగగానే ఎవడు వీడంటూ ఇంట్లోనుండి గెంటిస్తాడు. మద్యం తెలివిని ఎలా హరిస్తుందో మేము ఎన్నో ప్రసంగాలు చేశాము. తెలివిలో ఉన్నవాడి అంధత్వాన్ని ఇంత తేటగా ఎన్నడూ చెప్పలేకపోయాము. అక్కడ నవ్వు దొర మీద పడుతుంది. బాల్యంలో లండన్ పేదల ఆశ్రమంలో గడిపిన చాప్లిన్‌కు ఆ నవ్వు ఎటు తిప్పాలో తెలుసు.

మన వైపూ ఈ హాస్యం లేకపోలేదు. విలాయతు నుండి తిరిగొచ్చిన బాబు డాంబికాన్ని నవ్వులపాలు చేసిన 'బిలాత్ ఫేరత్' అనే మూకీ 1921లో వచ్చింది. అందులో నటించిన ధీరేన్ గంగూలీ మరుసటి ఏడాదే హైదరాబాదు వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ స్థాపించారు. అప్పుడు మన ఆర్మూరు కూడా ఆ నిజాం రాజ్యంలోనిదే.

విందులో మా నవ్వు మాత్రం బస్తా మోసిన మనిషి మీద పడింది. ఒకరినొకరు పరిహసించుకోవడాన్ని వారించే సూరా హుజురాత్ 11వ ఆయతును పిల్లలకు ఏటా బోధించేది మేమే. ఆయన కుమారుడు ఆ తరగతిలోనే కూర్చుంటాడు.

శుక్రవారం జుమా తరువాత ఆయనను వెతికి పట్టుకుని క్షమాపణ కోరాము. "ఎప్పుడు మౌలానా సాబ్? నాకు గుర్తే లేదు" అన్నారు. కాసేపు తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డారు. తరువాత, ఆ రోజు స్నానం చేసే రావాలనుకున్నాననీ, లారీ ఆలస్యంగా రావడంతో వీలుపడలేదనీ చెప్పారు.