వెళ్లినవాడు

సాయంత్రం మా ఆత్రేయపురంలో ఓ అరుగు మీద కూర్చుని పూతరేకులు తీయడం చూస్తున్నాను. బోర్లించిన కుండ కింద కొబ్బరి మట్టల మంట. పల్చటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డ కుండమీద పరిచి లాగితే, క్షణంలో పొరలాంటి రేకు. ఇంకో ఊరు ఎక్కువ కూలి ఇస్తానంటే ఆ చేతిని వెళ్లొద్దనే హక్కు మనకుందా?

ఆ ప్రశ్నతోనే ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం గుర్తొచ్చారు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. కోచ్ రహీం కంటపడి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లారు. మరుసటి ఏడాదే కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం. 1963కే జబ్బు ఆట మాన్పించింది. తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆటగాడు హబీబ్‌దీ అదే దారి, అదే కలకత్తా.

నన్నడిగితే వెళ్లడమే సబబు. ఆటగాడి కాళ్లకు ఆయుష్షు తక్కువ. 2021లో మెస్సీ బార్సిలోనా వదులుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. ప్రాణమంత ప్రేమున్నా ఆగలేని రోజులుంటాయి. నా బాధల్లా, వెళ్లినవాణ్ణి మనం మరిచిపోవడమే.

బలరాం 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలోనే కన్నుమూశారు. మీ ఇంట్లో బంతి తన్నే పిల్లాడుంటే, ఈ రాత్రి ఆయన పేరు చెప్పండి.