నాలుగు గీతలు, కొన్ని అంకెలు

గత వానకాలమున నొక సాయంకాలము మా తమ్ముని కొమార్తె విశాఖపట్టణమునుండి బస్సులో వచ్చి, ఇంచుమించు తనంత పొడవుగల నల్లని సంచి నొకదానిని మా నడవలో దింపినది. (నర్సీపట్నము రోడ్డను పేరుగల రైలు స్టేషను కలదు గాని, అది మా ఊరికి మిక్కిలి దూరము.) సంచి విప్పగా బాసు గిటారు. తొలి యేడాది జీతములో మిగిల్చిన సొమ్ముతో కొన్నదట. రాక్ పాటలు వాయింపవలెనని ఆమె కోరిక.

"ఆడపిల్లకు ఇంత బరువు వాద్యమేల? వీణయైన ముచ్చటగా నుండెడిది గదా" అని మా మరదలు గొణిగెను. మా అక్కగారు మాత్రము ఏమియు ననక దగ్గరకు వచ్చి తీగలు లెక్కపెట్టిరి. "నాలుగే" అనిరి. ఆ మాటకు మేము తల వంచుకొంటిమి. కారణము చెప్పవలసియున్నది.

మాకు పదియేండ్ల ప్రాయమున మా తండ్రిగారు ఒకే పనస మానులో తొలిచిన బొబ్బిలి వీణ తెప్పించి, ఒక పంతులుగారిని కుదిర్చిరి. పాఠము మాకే. అక్కకు పదునాలుగేండ్లు; గుమ్మము ప్రక్కన బియ్యమేరుచు వినుచుండెడిది. ఒకనాడు మేము తప్పిన జంటస్వరముల వరుసను ఆమె నోటితో సరిదిద్దెను. పంతులుగారు ముఖము చిట్లించి, గురుముఖమున గాక గుమ్మము చాటున వచ్చినది విద్య గాదనిరి. తండ్రిగారు దానినే శాసనముగా గైకొని, ఇకమీదట ఆమెను వంటయింటనే కూర్చుండుమనిరి. మేము నోరు విప్పలేదు. ఏడాది తిరుగకమునుపే వీణను విడిచితిమి గూడ. అది అటకెక్కెను, అక్క అత్తవారింటి కేగెను. ఇప్పుడామెకు డెబ్బది.

బాసు గిటారునకు మా ఊర గురువు దొరకలేదు. ఆ లోటు తీర్చుటకు పిల్ల తెచ్చినది ఒక కాగితముల కట్ట. దానిని టాబ్లేచరందురు. అడ్డముగా నాలుగు గీతలు, గీతకొక తీగ. గీతపైనున్న అంకె వ్రేలు నొక్కవలసిన మెట్టు సంఖ్య. సున్నయైనచో మెట్టు నొక్కకయే తీగను మీటవలెను. ఇంతియే. స్వరము పేరు లేదు, రాగము ఊసు లేదు. ఇది నిన్నమొన్న పుట్టిన చిట్కా యనుకొంటిమి గాని, 1507లోనే వెనీసు నగరమున పెట్రుచ్చి యను ముద్రాపకుడు ల్యూటు వాద్యమునకు ఈ తీరు పుస్తకము అచ్చొత్తెను. బాసునకు మెట్లు విరివిగా వచ్చినది మాత్రము 1951లో అమెరికాయందు లియో ఫెండరు అమ్మకమునకు తెచ్చిన వాద్యముతోనే. అంతకు మునుపటి నిలువు బాసునకు మెట్లే లేవు, చెవియే ఆధారము.

మొదటిరాత్రి మువ్వురమును తప్పితిమి. వాద్యము ఒడిలో పెట్టుకొన్నపుడు లావు తీగ పైన నుండును. కాగితముపై అదియే అట్టడుగున. పై గీత పై తీగయే యనుకొని గంటసేపు ఏదో మ్రోగించితిమి. కాగితమే తప్పని మేము తీర్పు చెప్పితిమి. "ఒరే తమ్ముడూ, వాద్యముమీదికి వంగి చూడు. లావు తీగ నీకు దగ్గర. కాగితములోను అదే గదా దగ్గర" అని అక్కగారు చెప్పినదాక మాకు తోచలేదు. ఇంగ్లీషు చదువని ఆమెకు ఆ కట్టలో తెలిసినవి అంకెలే. ఈ వాద్యమునకు అవియే చాలినవి. మరునాడు మరియొకటి కనుగొనిరి. లావు తీగ అయిదవ మెట్టున నొక్కి, తరువాతి తీగను ఊరక మీటి, "రెండును ఒకటే పలుకుచున్నవి. అయితే ఇది మధ్యమము గదే, అమ్మడూ!" అనిరి. నిజమే. వీణ తీగలు షడ్జ పంచమములకు శ్రుతిచేయబడును. ఇచట ప్రతి తీగయు తనకంటె లావైన తీగకు మధ్యమము. ఏబదియారేండ్ల క్రింద గుమ్మము చాటున విన్నది చెడలేదు.

1904లో ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులుగారు సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగు లిపిలో ప్రకటించిరి. వంశపు సొత్తుగా దాచుకొనదగిన ముత్తుస్వామి దీక్షితులవారి కృతులను గమక చిహ్నములతోగూడ లోకము ముందుంచిరి. మా పంతులుగారు ఆ గ్రంథము నెరుగరని మేము నమ్మజాలము. అచ్చుకాగితము గురువు కాజాలదనువారితో మాకు తగవు లేదు. గురువు లేని యింట కాగితమును గూడ మూసిపెట్టుమనువారితోనే మా తగవు.

కాగితమునకు లోపము లేకపోలేదు. వ్రేలు ఎచట నుంచవలెనో చెప్పును. ఎంతసేపు నిలుపవలెనో చెప్పదు. కొన్ని పుస్తకములలో కాలచిహ్నములు వేయుదురు గాని మా కట్టలో అవి లేవు. కావున పాట వినక తప్పదు. మేము మొదట పట్టినది యూటూ యను ఐర్లండు బృందము 1987లో వెలువరించిన 'విత్ ఆర్ వితౌట్ యూ'. అందు బాసునకు నాలుగు స్వరములే. ఒక్కొక్కదానిని ఎనిమిదేసి మారులు మీటి తరువాతిదానికి పోవలెను. ఫోనులో పాట పెట్టగా బాసు వినబడనే లేదు. దాని లావు తీగ సెకనుకు సుమారు 41 మారులు కంపించును. అంత మంద్రమును అరచేతి యంత్రము పలుకజాలదు. చెవులలో పెట్టుకొను గొట్టములు తెచ్చి అక్కగారికి తగిలించితిమి. ఆమె కొంతసేపు విని, తొడపై తాళము వేసి, "ఎనిమిది. ఆదితాళమే" అనిరి.

నాటినుండి సాయంకాలములందు ఆమె తాళము వేయగా పిల్ల వాయించును. శ్రావణము వచ్చుసరికి వాద్యము చేతులు మారెను. అక్కగారి వ్రేళ్లకు బొబ్బలు లేచినవి. మా మరదలు కొబ్బరినూనె రాయుచు గొణుగుచునే యున్నది గాని, పాట మొదలైన వేళకు పొయ్యి తగ్గించి వచ్చి కూర్చుండుచున్నది.

ఒకనాడు పిల్ల లేని సమయమున మేము ధైర్యము తెచ్చుకొని, "అక్కా, ఆనాడు పంతులుగారన్నప్పుడు నేను..." అని మొదలుపెట్టితిమి. ఆమె మూడవ స్వరములో నుండెను. తల యెత్తక, "అయిదు, ఆరు... లెక్క తప్పించకురా" అనెను. మేము ప్రక్కన కూర్చుండి తాళము వేసితిమి.