బడి గడపలో తల్లిదండ్రులు

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిన తరువాత కోనసీమ ఆరంభమవుతుంది. ఆ సీమకు తలవాకిట ఉన్న ఊరు ఆత్రేయపురం. 1852లో పూర్తయిన ఆనకట్ట వల్ల ఇక్కడి పొలాలకు కాలువ నీరు అందింది. ఊరికి పేరు తెచ్చినవి మాత్రం పూతరేకులు. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను దానిపై పరచి తీస్తే, క్షణంలో రేకు ఏర్పడుతుంది. దానిని చిరగకుండా ఎత్తడం సాధనతో గాని అబ్బని విద్య. అయితే ఆ విద్యతో కుటుంబాన్ని పోషించే తల్లి తన కొడుకు కూడ ఆ పొయ్యి ముందే కూర్చోవాలని కోరుకోదు. వాడు పట్టణంలో ‘ఫాదర్ల బడి’లో చదవాలని, నలుగురిలో ధైర్యంగా ఇంగ్లీషు మాట్లాడాలని ఆశపడుతుంది.

తెలుగువారికి కతోలిక పాఠశాలలు కొత్తవి కావు. విశాఖపట్నంలోని సెయింట్ అలోషియస్ పాఠశాల 1847లోనే వెలసింది. హైదరాబాదులోని ఆల్ సెయింట్స్ పాఠశాల 1855 నాటిది. అదే నగరంలో 1953లో లిటిల్ ఫ్లవర్, 1954లో సెయింట్ పాల్స్ పాఠశాలలు ఏర్పడి బాలుర విద్యకు పేరుపొందాయి. విజయవాడలో జెస్యూట్ గురువులు 1953లో ఆంధ్ర లొయోలా కళాశాలను స్థాపించారు. క్రికెట్ క్రీడాకారులలో మహమ్మద్ అజహరుద్దీన్ ఆల్ సెయింట్స్‌లోను, వి.వి.ఎస్. లక్ష్మణ్ లిటిల్ ఫ్లవర్‌లోను చదువుకున్నారు. వీరిరువురూ కతోలికులు కారు. ఇటువంటి బడుల తరగతి గదులలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఒకే బల్లపై కూర్చుని చదువుకోవడం తరతరాలుగా సాగుతున్న సంప్రదాయం.

ఆ బడి గడప తొక్కే సామాన్య కుటుంబం ఎలాంటి అనుభవాలకు లోనవుతుందో తెలుసుకోవడానికి ఆత్రేయపురంలోని ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. తండ్రి కౌలు రైతు. తల్లి రేకులు తీస్తుంది. కొడుకును ఆరవ తరగతిలో పట్టణంలోని కతోలిక బాలుర ఉన్నత పాఠశాలలో చేర్చాలని ఇద్దరూ నిశ్చయించుకున్నారు. తండ్రికి కావలసినది క్రమశిక్షణ. తల్లికి కావలసినది భద్రత. మొదటి టర్మ్ ఫీజుకు ధాన్యం సొమ్ము సరిపోగా, యూనిఫారానికి, బూట్లకు, పుస్తకాలకు తల్లి డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది. పిల్లవాడు మేనమామ ఇంట ఉండి చదువుకొనే ఏర్పాటు జరిగింది. తెల్లని చొక్కాతో, మెడలో టైతో వాడు వరుసలో నిలబడిన నాడు తల్లిదండ్రులు అప్పు సంగతి మరచిపోయారు.

కష్టం డబ్బుతో మొదలు కాలేదు, డైరీతో మొదలయింది. ప్రతివారం తల్లి గాని, తండ్రి గాని చదివి సంతకం చేయవలసిన ఆ చిన్న పుస్తకం ఆసాంతం ఇంగ్లీషులో ఉంది. సెలవుకు ఇంటికి వచ్చిన కొడుకు వేలితో చోటు చూపి, “ఇక్కడ పెట్టమ్మా” అనేవాడు. ఏమి వ్రాసి ఉన్నదో తెలియకుండానే ఆమె సంతకం పెట్టేది. ఇంటిలో ఇన్నాళ్ళూ పెద్దలు చెబితే పిల్లవాడు వినేవాడు. ఇప్పుడు పిల్లవాడు చెబితే పెద్దలు వినవలసి వచ్చింది.

ఎనిమిదవ తరగతిలో ఉండగా తల్లిదండ్రుల సమావేశం జరిగింది. “మావాడు ఎలా చదువుతున్నాడండి?” అని తల్లి అడిగింది. ఉపాధ్యాయుడు ఇంగ్లీషులో చాలసేపు మాట్లాడాడు. ముఖంలో మెచ్చుకోలు లేదు. ఆయన ముగించగానే, “బాగానే చదువుతున్నానంటున్నారమ్మా” అన్నాడు కొడుకు. ఆమెకు ఇంగ్లీషు రాదు గాని ముఖాలను చదవడం వచ్చు. తిన్నగా ప్రధానోపాధ్యాయుని గదికి వెళ్ళింది. “అయ్యా, మా పిల్లవాడి సంగతి మాకు మా పిల్లవాడే చెప్పవలసి వస్తోందండి. తప్పయినా ఒప్పయినా మీరే మాకు తెలుగులో చెప్పాలండి” అన్నది. పరాయి రాష్ట్రం నుండి వచ్చిన ఆ బ్రదరు వచ్చీరాని తెలుగులో, “మీరు చెప్పింది న్యాయం అమ్మా” అన్నారు. ఆ తరువాతి సమావేశం నుండి తెలుగు మాస్టారు తల్లిదండ్రుల పక్కన కూర్చోసాగారు. డైరీలోని ముఖ్యమైన మాటలను తెలుగులో కూడ వ్రాయసాగారు. ఫీజు రసీదులో లేని గౌరవం ఆ చిన్న ఏర్పాటులో ఆ దంపతులకు లభించింది.

మరొక చిక్కు విశ్వాసానికి సంబంధించినది. ఉదయపు ప్రార్థన గురించి తండ్రికి అభ్యంతరం లేదు. ఏ దేవుని పేరు చెప్పినా మంచి మాటే గదా అని ఆయన భావన. అయితే కార్తికమాసంలో కొడుకు అయ్యప్ప దీక్ష తీసుకున్నప్పుడు నల్లని వస్త్రాలకు, బడి యూనిఫారానికి పొత్తు కుదరలేదు. ఇరుపక్షాలూ పట్టుదలకు పోతే పిల్లవాని చదువే నలిగిపోయేది. తండ్రి వెళ్ళి నెమ్మదిగా మాట్లాడాడు. యూనిఫారం వేసుకొని, మెడలో మాలతో, బూట్లు లేకుండా రావడానికి బడి సమ్మతించింది.

ఇటువంటి చోట తల్లిదండ్రులకు చట్టం తెలిసి ఉండడం మేలు. భారత రాజ్యాంగంలోని 30వ అధికరణం మతపరమైన, భాషాపరమైన అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కును ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపు గాని, ప్రభుత్వ ధనసహాయం గాని పొందిన బడిలో మైనరు విద్యార్థిని సంరక్షకుని సమ్మతి లేకుండా మతబోధకు గాని, ఆరాధనకు గాని హాజరు కావలసిందిగా నిర్బంధించరాదని 28వ అధికరణం చెబుతున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రైవేటు పాఠశాలల ప్రవేశ తరగతిలో నాలుగవ వంతు సీట్లను బలహీనవర్గాల పిల్లలకు కేటాయించింది. అయితే ఆ చట్టం అల్పసంఖ్యాకుల బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందువల్ల అప్పుచేసి ఫీజు కట్టే కౌలు రైతుకు ఆ బడిలో రాయితీ లభించాలంటే నిర్వాహకుల ఔదార్యమే ఆధారం. సేవను ఆశయంగా చెప్పుకొనే సంస్థలకు ఇది నిజమైన పరీక్ష.

అన్నిటికన్న సున్నితమైన అనుభవం సంక్రాంతి సెలవులలో ఎదురైంది. పదవ తరగతి చదువుతున్న కొడుకు స్నేహితులతో ఇంటికి వచ్చాడు. పొగచూరిన వంటసాలలో రేకులు తీస్తున్న తల్లిని వారికి చూపడానికి వాడు సంకోచించాడు. తల్లి ఆ సంకోచాన్ని గమనించి కూడ ఏమీ అనలేదు. స్నేహితులే పొయ్యి చుట్టూ చేరి, వేడి కుండపై రేకు లేవడం చూసి ఆశ్చర్యపోయారు. ఒకడు తానూ ప్రయత్నించి రేకును చింపివేశాడు. “ఇది ఎన్నాళ్ళకు వచ్చింది పిన్నిగారూ?” అని అడిగాడు. ఆమె నవ్వి, “ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను బాబూ” అన్నది. కొడుకు ఆ సాయంకాలమంతా తల్లి పక్కనే కూర్చుని రేకులకు నెయ్యి రాశాడు.

ఇంగ్లీషు నేర్చుకోవడం తప్పు కాదు. ఆ భాష రాని తల్లిని తక్కువగా చూడడమే తప్పు. ఈ సంగతి ఏ ఒక్క మతానికో, ఏ ఒక్క బడికో పరిమితం కాదు. కార్పొరేటు పాఠశాలలలోను, ప్రభుత్వ ఆంగ్ల మాధ్యమ తరగతులలోను ఇదే ప్రమాదం పొంచి ఉన్నది.

పిల్లలకు తొలి గురువులు, ముఖ్య గురువులు తల్లిదండ్రులేనని కతోలిక సంఘమే 1965లో రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన విద్యా ప్రకటనలో అంగీకరించింది. ఆరు నుండి పధ్నాలుగేళ్ళ వయస్సు గల బిడ్డకు విద్యావకాశం కల్పించడం తల్లిదండ్రుల ప్రాథమిక విధి అని 2002లో చేసిన 86వ సవరణ ద్వారా మన రాజ్యాంగం నిర్దేశించింది. విధి ఉన్నవారికి అడిగే హక్కు కూడ ఉంటుంది. ఫీజు చెల్లించి గేటు దగ్గర నుండే వెనుదిరిగే తల్లిదండ్రుల వల్ల బడికి ఆదాయం మాత్రమే చేకూరుతుంది. గడప దాటి లోపలికి వచ్చి, తమ భాషలో, తమ మర్యాదలో ప్రశ్నించే తల్లిదండ్రుల వల్ల బడికి కూడ చదువు అబ్బుతుంది. అటువంటి ప్రశ్నను విని, కుర్చీ చూపి, జవాబు చెప్పగలిగిన బడియే మంచి బడి.